రాయికి అవతల ఆడితే తప్పు కాదు

ఇది ఒక మహా ఇతిహాసం. ఇందులో రెండు రాజ్యాలున్నాయి. వాటి మధ్య ఒక సరిహద్దు ఉంది. ఆ సరిహద్దు దాటి రోజూ యుద్ధానికి పోయే వీరుడున్నాడు, అతనికి ధర్మం బోధించే తమ్ముడున్నాడు, చివర్లో ఒక వనవాసం కూడా ఉంది. చదివేవాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చోవచ్చు.

కాళ్ళు కడుక్కునేంత నీళ్ళు మా వైపు ఉండవు కాబట్టి నిజం ఇప్పుడే చెప్పేస్తాను. రాజ్యాలంటే ఆంధ్ర, కర్ణాటక. సరిహద్దు అంటే నడుము ఎత్తు కూడా లేని, సున్నం కొట్టిన రాయి. యుద్ధమంటే ఫోనులో రమ్మీ. వీరుడు మా అన్న. సైన్యం నలభై గొర్రెలు. బోధించినవాడిని నేను. వనవాసం ఒక్కటే నిజం. అది ఇంకా అయిపోలేదు.

మా ఊరు కళ్యాణదుర్గానికి దక్షిణంగా, పావగడ దిక్కున ఉంది. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాలి. ఆటోలో డ్రైవరుకు కూడా కొంచెం చోటు మిగులుస్తారు. ఊరు దాటి మూడు కిలోమీటర్లు నడిస్తే కర్ణాటక. మా పొలంలో వేరుశనగ వేస్తాం. వానొస్తే పంట, రాకపోతే ఇన్సూరెన్స్ ఫారం. ఫారాల దిగుబడి ఏ సంవత్సరమూ తగ్గలేదు. అందువల్ల మా ఇల్లు నిజానికి నడిచింది గొర్రెల మీద. మొదట అవి నాయన వెనక నడిచేవి, నాయన మోకాళ్ళు అరిగాక అన్న వెనక.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయిన సంవత్సరం ఏడో తరగతిలో బడి మానేసి మంద వెనక పోయాడు. నన్ను మాత్రం మాననివ్వలేదు. అనంతపురంలో నేను లా చదివినన్నాళ్ళూ, ఫీజు కట్టే నెల రాగానే మందలోంచి ఒక పొట్టేలు సంతకు పోయేది. కాంట్రాక్టుల చట్టం ఒక పొట్టేలు, ఆస్తి చట్టం ఒక పొట్టేలు అని నేను వేళాకోళం చేసేవాడిని. క్రిమినల్ చట్టానికి రెండు పోయాయి, ఎందుకంటే మొదటిసారి తప్పాను. ఇప్పుడు కళ్యాణదుర్గం కోర్టులో ఒక సీనియరు దగ్గర జూనియర్‌గా ఉన్నాను. జూనియరంటే కేసు కట్టలు మోస్తాడు, వాయిదా అడుగుతాడు. అన్న మాత్రం "మావోడు లాయరు" అని గొర్రెకు సూది వేస్తున్న పశువుల డాక్టరుకు కూడా చెప్పేవాడు. ఆయన ఆ మాట విని సూది ధర ఏమీ తగ్గించలేదు.

గుట్టల మీద పొద్దంతా ఒక్కడే ఉండేవాడికి ఫోను ఒక తోడు. మొదట పాటలు, తర్వాత గొర్రెల రోగాల వీడియోలు, ఆ తర్వాత రమ్మీ. ఒకసారి గెలిచి వదినకు చీర తెచ్చాడు. ఆ చీర తేకుండా ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. వదినకూ ఇప్పుడు అలాగే ఉన్నట్టుంది, ఆమె దాన్ని కట్టడం నేను చూడలేదు.

ఆట ఇంకా పూర్తిగా అంటుకోకముందే రాష్ట్రం దాన్ని నిషేధించింది. ఆ సాయంత్రం అన్న ఫోను నా ముందు పెట్టాడు. ఈ ఆట మీ రాష్ట్రంలో లేదు అని దాని మీద ఇంగ్లీషులో ఉంది.

"ఏమప్పా లాయరూ, నిన్నటిదాకా బాగ తెరుచుకుంటాండె. ఫోను చెడిపోయిండాదా?"

ఫోను బాగుంది, ప్రభుత్వం బాగుపడిందని చెప్పాను. అడిగింది అన్న కాబట్టి, నాకు తెలిసిన విషయం ఎవరైనా అడగడం అరుదు కాబట్టి, పాఠం మొదలుపెట్టాను. ఇంతకుముందు తెలివితో ఆడే ఆటకు మన చట్టంలో మినహాయింపు ఉండేది. ఇప్పుడది తీసేశారు. తెలివో అదృష్టమో, ఫోనులో డబ్బు పెట్టి ఆడితే నేరం. నడిపేవాడికే కాదు, ఆడేవాడికీ జైలే. అన్న శ్రద్ధగా విన్నాడు. పావగడ వాళ్ళకు కూడా ఇదేనా అని అడిగాడు. వాళ్ళ చట్టంలో తెలివి ఆటకు మినహాయింపు ఇంకా అలాగే ఉందని చెప్పాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ వదినా నాయనా కూడా వింటున్నారు. నలుగురు వింటుంటే నేను ఎక్కడా ఆపలేను.

"రాయికి ఈ పక్క నిలబడితే నువ్వు నేరస్థుడివన్నా. ఆ పక్క నిలబడితే క్రీడాకారుడివి. రాయి మీద కూచుంటే మాత్రం యాడ కేసు పెట్టాల్నో వాళ్ళకే తెల్దు."

నాయన నవ్వాడు. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. నా జోకులకు ఆలస్యంగా నవ్వడం అన్నకు అలవాటే. ఆలోచిస్తున్నాడని నాకు తట్టలేదు.

మరుసటి రోజు మంద దక్షిణం వైపు తిరిగింది. ఊళ్ళో ఎవరికీ అది వింత కాలేదు. పంటలు కోసిన తర్వాత మా వాళ్ళు ఎప్పుడూ మందలను అటు తోలుకుపోతారు. అక్కడి రైతులు తమ పొలంలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు పడుకుని లేచిన నేలకు ఎరువు, కాపరికి సంగటి, పోయేటప్పుడు నాలుగు శేర్ల రాగులు. ఏటా నెల రోజులు జరిగే పని అది. అన్న మాత్రం ఆ సంవత్సరం రోజూ పోయాడు. నెల అయిపోయినా పోయాడు, రాగులు లేకపోయినా పోయాడు.

గొర్రెలకు రాష్ట్రాలు తెలియవు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆట మధ్యలో ఉండగా మంద మేతకోసం ఇవతలికి తిరిగేది. వాటి వెనక అన్న రాయి దాటాడంటే ఫోను అది గుర్తుపట్టి ఆట ఆపేసేది, పెట్టిన డబ్బు పోయేది. గొర్రెలా, చేతిలో ఉన్న ముక్కలా అని రోజుకు పదిసార్లు తేల్చుకోవాలి. గొర్రెలకు ఇంటిదారి తెలుసు గదా అని అన్న ముక్కలనే ఎంచుకున్నాడు.

అలా మా మంద కాపరి లేకుండా ఇంటికి రావడం నేర్చుకుంది. పొద్దు వాలే వేళకు గంటల చప్పుడు వినిపించేది, దుమ్ము లేచేది, దాని వెనక ఎవరూ ఉండేవారు కాదు. నాయన అరుగు మీద కూర్చుని ఒక్కొక్కదాన్ని చూపుడు వేలుతో లెక్కపెట్టేవాడు. అన్న గంట తర్వాత వచ్చేవాడు. మొదట్లో నలభై వచ్చాయి. తర్వాత ముప్పై తొమ్మిది. కొన్నింటిని దారిలో కుక్కలు పట్టాయి, కొన్నింటిని అన్నే అమ్మాడు. ఏది కుక్కల పాలయిందో ఏది ఫోను పాలయిందో నాయన అడగలేదు. నన్ను మాత్రం ఒకటి అడిగాడు, అన్నను తీసుకురమ్మని.

కోర్టు సెలవు రోజున పోయాను. రాయి దాటిన వెంటనే ఒక కానుగ చెట్టు ఉంది. దాని కింద వరసగా మోటారు సైకిళ్ళు, అన్నింటి మీదా మన రాష్ట్రం నంబర్లే. పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. ఎవరి ఆట వాళ్ళ ఫోనులో ఉన్నా, పక్కవాడు ముక్కలు చూస్తాడేమోనని పరీక్ష హాల్లో లాగా ఎడం ఎడంగా కూర్చున్నారు. అటు ఊరాయన ఒకాయన ఫ్లాస్కుతో టీ అమ్ముతున్నాడు. కూర్చోవడానికి రాళ్ళు కూడా ఆయనే తెచ్చి పరిచాడట. రెండు ప్రభుత్వాలూ కలిసి చేయలేని పరిశ్రమ ఒకటి అక్కడ నడుస్తోంది.

అన్న పక్కన కూర్చున్నాను. నాయన ఎదురుచూస్తున్నాడు, ఇంటికి పోదాం లే అన్నాను. ఒక్క ఆట అన్నాడు, తల ఎత్తకుండా. ఆ ఒక్కటీ అయింది, ఇంకొకటి మొదలైంది. ఫోను పట్టుకున్నాను. అప్పుడు తల ఎత్తాడు. కోపం లేదు, అర్థం కానట్టు చూశాడు.

"ఈడ తప్పు గాదని నువ్వే చెప్తివి గదా. లాయరు చెప్పినాంకనే నేనొచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. ఈయనేనా లాయరు అని ఒకాయన జరిగి నాకు చోటిచ్చాడు. అందరూ అక్కడికి నా మాట మీదే వచ్చారని అప్పుడు అర్థమైంది. అన్న చెప్పి ఉంటాడు. పశువుల డాక్టరుకు చెప్పినవాడు వీళ్ళకు చెప్పడా. చోటిచ్చినాయన వినయంగా ఒక సందేహం అడిగాడు, కూర్చున్నప్పుడు ఒక కాలు ఆ పక్కకు పోతే ఏమైనా అవుతుందా అని.

అక్కడ ఒక్క మాట చాలు. లేచి ఇళ్ళకు పోండి అనొచ్చు. అన్నా, నాకు భయంగా ఉంది అనొచ్చు. నిజానికి భయంగానే ఉంది. అయితే కోపమొచ్చినా భయమేసినా నాకు జోకే వస్తుంది. మిగతావాళ్ళకు కన్నీళ్ళు పెట్టిన చోట నాకు దేవుడు అది పెట్టాడు.

"ఏం గాదన్నా. ఆ పక్కకు పోయిన చెప్పు మీద మాత్రమే కేసు పెడతారు."

పదిహేను మందీ నవ్వారు. అన్న కూడా నవ్వాడు, ఈసారి ఆలస్యం లేకుండా, తమ్ముణ్ణి చూసి గర్వంగా. నవ్వి మళ్ళీ ఆటలోకి పోయాడు. నేను టీ తాగి వచ్చేశాను. టీ బాగుంది.

మంద పదకొండుకు దిగిన తర్వాత వదిన ఒక రోజు షేర్ ఆటోలో కళ్యాణదుర్గం వచ్చింది. కోర్టు ఆవరణలో టైపు కొట్టేవాళ్ళ పక్కన నిలబడింది. ఇంట్లో చెప్పే విషయమైతే అంత దూరం రాదని నాకు తెలుసు. ఏమైనా తిన్నావా వదినా అంటే నేరుగా విషయానికి వచ్చింది.

"నీ మాట ఒకటే ఆయన ఇంటాడు మరిదీ. నీ మాట ఇనే పోయినాడు. నువ్వే మళ్ళా పిలుచుకోని రా."

మాటతో పిలవడం నాకు చేతకాదని అప్పటికే తేలింది. కాబట్టి చట్టంతో పిలుద్దామనుకున్నాను. సోమవారం అనంతపురం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నిషేధం ఉన్న రాష్ట్రంలో మనిషి దగ్గర డబ్బు గుంజుతున్న కంపెనీ మీద చర్య తీసుకోవాలని, పోయింది ఇప్పించాలని, ఆ ఆట మా ఊరి చుట్టుపక్కల తెరుచుకోకుండా చేయాలని వదిన పేరుతో అర్జీ రాయడం మొదలుపెట్టాను. రెండో పేరాలో ఒక ఇబ్బంది ఎదురైంది. ఆట జరిగింది కర్ణాటకలో. అక్కడ జరిగినదానితో మాకేం పని అని ఇక్కడివాళ్ళు అంటారు. జూనియర్లందరికీ ఇష్టమైన ఇబ్బంది ఇది, దీన్ని పరిధి అంటారు.

దానికి నా దగ్గర మందు ఉంది. మా పొలం చివర నిలబడితే ఒక్కొక్క రోజు ఫోనుకు కర్ణాటక టవరు దొరుకుతుంది, కర్ణాటకకు స్వాగతం అని మెసేజీ కూడా వస్తుంది. అలాంటి రోజుల్లో అన్న అంత దూరం పోకుండా గట్టు మీదే కూర్చుని ఆడాడు. అది నేను రాశాను. నా భర్త మన రాష్ట్ర పరిధిలోని మా సొంత పొలంలో కూడా పలుమార్లు సదరు ఆట ఆడియున్నాడు అని. ఆ వాక్యంతో మొత్తం వ్యవహారం మన రాష్ట్రంలోకి వచ్చి పడింది. అంత మంచి వాక్యం నేను అంతకుముందు రాయలేదు. సీనియరుకు చదివి వినిపించాను. ఆయన వేరే కట్ట కోసం వెతుక్కుంటూ బాగుంది అన్నాడు.

వదిన సంతకం పెట్టబోతూ ఆగింది. "ఇందులో ఆయనకేం గాదు గదా?"

ఇది కంపెనీ మీద వదినా, అన్న మీద కాదు అన్నాను. ఆమె సంతకం పెట్టింది. ఆడేవాడికీ జైలే అని ఆమె ముందే పాఠం చెప్పినవాణ్ణి నేను. రెండు పొట్టేళ్ళు పెట్టి చదువుకున్న సబ్జెక్టు అది.

పది రోజులకు ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. మంచి మనిషి. నీళ్ళు తాగి, నాయన మోకాళ్ళ గురించి అడిగి, అరుగు మీద కూర్చుని జేబులోంచి వదిన అర్జీ తీశాడు, మూడు కాగితాలు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అన్న దొడ్డికి కంప సర్దుతున్నాడు.

"ఈడనే ఆడినాడని మీరే రాసిచ్చినారు గదమ్మా," అన్నాడు కానిస్టేబుల్ వదినతో, ఇబ్బందిగా. "ఆడినోడు గూడా ముద్దాయేనంట. పైనుంచి వచ్చిండాది, నేనేం జేసేది. రేపొకసారి టేషనుకు వచ్చి చెప్పిపోమను."

అన్న చేతులు తుడుచుకుని వచ్చి ఆ కాగితాలు అడిగాడు. ఏడో తరగతి చదువు, ప్రతి వరస కింద వేలు పెట్టి చదవాలి. మూడు పేజీలూ చదివాడు. చదువుతున్నంతసేపూ మేమంతా, కానిస్టేబుల్‌తో సహా, నిలబడే ఉన్నాం. నాకు నచ్చిన ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ మొదటినుంచి వచ్చింది.

"నువ్వు రాసిందేనా చిన్నోడా?"

అవునన్నాను.

"బాగ రాసినావు. అన్ని పొట్టేళ్ళు ఊరికే పోలేదు."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడవడం అన్నకు రాదు, మా ఇంట్లో ఆ విద్య నా ఒక్కడిదే. నిజంగానే బాగుందనుకున్నాడు. కాగితాలు మడత చెడకుండా తిరిగిచ్చాడు. అప్పుడు నా నోటికి ఏదో వచ్చింది, అనేశాను. ఏమన్నానో ఇక్కడ రాయను. కానిస్టేబుల్ ఒక్కడే నవ్వాడు.

మర్నాడు తెల్లారి అన్న పదకొండు గొర్రెలనూ తోలుకుని దక్షిణం వైపు పోయాడు. స్టేషనుకు మధ్యాహ్నం పోతాడేమో అనుకున్నాం. సాయంత్రం గంటల చప్పుడు వినిపించింది, దుమ్ము లేచింది. నాయన వేలు చాపి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. నాయన అలవాటు ప్రకారం గంటసేపు అన్న కోసం ఎదురుచూశాడు. తర్వాత చీకటి పడింది, దొడ్డి తలుపు నేనే వేశాను.

రెండో రోజు కానుగ చెట్టు దగ్గరికి పోతే టీ ఆయన చెప్పాడు. అన్న ఆ రోజు ఫోను తీయలేదట. గొర్రెలను రాయి దాటించి ఇంటివైపు అదిలించి, అవి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడట. మీ పోలీసులు ఈ పక్కకు రాగలరా అని అడిగాడట. రావాలంటే మా వాళ్ళకు చెప్పి రావాలి, అంత సులభం కాదు అని ఈయన చెప్పాడట. సరే అని పావగడ ఆటో ఎక్కాడు. నా పాఠం అన్న మరిచిపోలేదు. తప్పు కాని పక్కనే ఉండిపోయాడు.

స్టేషనుకు నేను పోయాను. కేసేమీ పెట్టలేదు, పెట్టే ఉద్దేశం కూడా లేదు, మాట అడిగి కాగితం మూసేద్దామనుకున్నామని చెప్పారు. మూసేశారు. ఆ సాయంత్రం వదిన ఫోనుకు మెసేజీ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది, మీరు సంతృప్తి చెందారా అని. వదిన నన్ను చదవమంది. ఏదో ప్రకటన వదినా అన్నాను.

పావగడలో వెతికాం, తుమకూరు పోయాం, బెంగళూరులో మా వైపు కూలీలు ఉండే చోట్లన్నీ అడిగాం. ఫోను ఆపేసి ఉంది. వదిన పుట్టింటివాళ్ళు బత్తలపల్లె నుంచి రెండుసార్లు వచ్చి రమ్మన్నారు. ఆమె పోలేదు. గొర్రెలు ఇప్పుడు ఆమే మేపుతుంది, ఉత్తరం వైపు మాత్రమే. ఉత్తరాన గడ్డి లేదు. అయినా పదకొండు పద్నాలుగయ్యాయి.

ఆ తర్వాత కేంద్రం చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతా ఆపింది. రాయికి రెండు పక్కలా ఒకటే అయింది. చూడ్డానికి పోయాను. మోటారు సైకిళ్ళు లేవు, ఫ్లాస్కు లేదు, కూర్చునే రాళ్ళు ఎడం ఎడంగా అలాగే ఉన్నాయి. కొత్త చట్టంలో ఒక సంగతి ఉంది. నడిపేవాళ్ళకే శిక్ష, ఆడినవాడికి లేదు. ఆడినవాడు నష్టపోయినవాడు అని. మా రాష్ట్రం పాత చట్టం మాత్రం దాని చోట అది ఉంది. రెండింట్లో ఏది నిలుస్తుందని సీనియరును అడిగితే, ముందు పోయి వాయిదా అడుగు అన్నాడు.

నాయనకు ఆ సంగతి చదివి వినిపించాను.

"అంటే వాడు ముద్దాయి గాదా?"

"గాదు నాయనా. మోసపోయినోడంట."

నాయన గొర్రెల దొడ్డి వైపు చూశాడు. తర్వాత, "ఆ మాటే ముందు రాసింటే ఏం పోయె," అన్నాడు.

ప్రభుత్వాన్ని అన్నాడో నన్ను అన్నాడో నేను అడగలేదు.

ఆ రాత్రే అన్న నంబరుకు వాయిస్ మెసేజీ పంపాను. కొత్త చట్టం చెప్పాను, మన స్టేషనులో కేసు లేదని చెప్పాను, ఆ వాక్యం రాసింది తెలివి ఎక్కువై అని చెప్పాను. నాలుగు నిమిషాలు మాట్లాడాను, జోకు ఒక్కటీ లేదు. వదిన నా ఫోను తీసుకుని, గొర్రెలు ఈనినాయి అని ఒక్క మాట చేర్చింది. వాట్సాప్‌లో ఒకే టిక్కు పడింది, చేరినట్టు చెప్పే రెండోది పడలేదు. ఫోను ఎప్పుడు తెరిచినా చేరుతుంది. నంబరు అన్న పేరు మీద ఉన్నంతవరకే. వాడకుండా వదిలేస్తే కంపెనీవాళ్ళు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా చట్టం పాఠం నాలుగు నిమిషాలు వినాల్సి వస్తుంది. అందుకని ఆ నంబరుకు నేనే రీచార్జ్ చేయిస్తున్నాను. అన్నింటికంటే చిన్న ప్లాను చాలు. అయితే అది నెల ప్లాను కాదు, ఇరవై ఎనిమిది రోజులది. సంవత్సరానికి పన్నెండు సార్లు అనుకుంటాం గానీ, పదమూడు సార్లు వేయించాలి.